ఎనిమిది మూళ్ళు, ఒక ఒకటి

కుట్టు కార్ఖానా, కటింగ్ బల్ల దగ్గర
భోజనం బెల్లు కొట్టాక

శేషం బావగారికి,

నమస్కారాలు. మీరు కుశలంగా లేరని తెలుసు కాబట్టి కుశలప్రశ్నలతో నా ఇంకు పాడుచేసుకోను. గోడగడియారం ఒక్క నిమిషం వెనకబడిందని స్టూలెక్కి తుంటి విరగ్గొట్టుకున్నారట. గడియారం ఇప్పటికీ నిమిషం వెనకే నడుస్తోందని మీ అమ్మాయి ఫోన్లో చెప్పింది. అంటే తుంటి ఊరికే పోయింది.

ఆపరేషన్ బాగా జరిగిందనీ, కాలు కింద పెట్టమని డాక్టరు చెబుతున్నా మీరు వినడం లేదనీ కూడా చెప్పింది. పొద్దస్తమానం గోడవైపు తిరిగి పడుకుంటారట. ఏమడిగినా 'ఊఁ' తప్ప మాట లేదట. "పిన్నీ, నాన్న బతికే ఉన్నారు గానీ ఇంట్లో లేరు" అని ఏడ్చింది. అక్క పోయి ఏడాది అయింది. మీకు ఓదార్పు మాటలు రాయడం నాకు చేతకాదు. నాకు వచ్చినవి రెండే, గుడ్డ కత్తిరించడం, అంకెలతో ఆడుకోవడం. ఆ రెండోది మీరు అంటించిన జబ్బే.

విషయం ఏమిటంటే, యూనిఫారాల కట్టల మీద నంబర్లు కొట్టే స్టాంపు మా దగ్గర ఒకటుంది. దానిలో అంకెలన్నీ అరిగిపోయి మూడూ, ఒకటీ మాత్రమే శుభ్రంగా పడుతున్నాయి. భోజనాల వేళ ఏమీ తోచక పాత నమూనా కాగితం మీద 31 కొట్టాను. తర్వాత 331. తర్వాత 3331. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ శేషం లేకుండా భాగం పోని సంఖ్యను పుస్తకాల్లో ప్రధాన సంఖ్య అంటారు గానీ, మీరు అక్కను చేసుకున్న కొత్తలో నాకు దాన్ని 'మొండి సంఖ్య' అని నేర్పారు. 31 మొండిది. 331 మొండిది. 3331 కూడా. 33331 నాలుగు భోజనాలు తిన్నది, అదీ మొండిదే. 333331 మొండితనంలో మీ తర్వాతే.

అక్కడికి నా ఓపిక అయిపోయింది. ఇలా ముందు ఎన్ని మూళ్ళు చేర్చినా చివరి ఒకటి మొండికేస్తూనే ఉంటుందా? ఎక్కడైనా లొంగుతుందా? గోడకేసి చూస్తూ పడుకున్నవారికి తీరిక ఉంటుంది కదా అని అడుగుతున్నాను.

ఇట్లు,
మీ మరదలు

*

మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం

కత్తెరకు,

ఆశీస్సులు. నీ ఉత్తరం వచ్చాక వారం దాకా చదవనట్టు నటించాను. నటించడానికి ఇక్కడ ప్రేక్షకులు ఒక్క మా అమ్మాయే. ఆమె నమ్మలేదు.

నువ్వు నన్ను ఏ గాలం వేసి పట్టుకుందామనుకున్నావో నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు నీటిమీటర్ల ఆఫీసులో గుమాస్తాగిరీ చేసి, ఊరందరి నీళ్ళూ లెక్కపెట్టి, సొంత ఇంట్లో కుళాయి కారుతుంటే కింద బకెట్టు పెట్టి ఊరుకున్న మహానుభావుణ్ణి నేను. అంత తేలిగ్గా గాలానికి చిక్కుతానా? చిక్కాను. ఆరు మూళ్ళ సంఖ్యను ఎక్స్‌రే కవరు మీద మొదలుపెట్టాను. కవరు చాలక మందుల చీటీల వెనక ముగించాను. 3333331 మొండిదే. తర్వాత ఏడు మూళ్ళు. అది నా చేత కట్టలకొద్దీ కాగితాలు తినిపించింది, అందుకే జవాబు ఇంత ఆలస్యం. అదీ మొండిదే! మధ్యలో ఒకసారి ఒక భాగహారంలో శేషం సున్నా వచ్చింది. చూస్తే ఒక మూడును ఎనిమిదని చదివాను. భాగహారాల పిచ్చి చూసి నన్ను శేషం బావ అని పిలుస్తారు గానీ, నాకు అంకెలే సరిగ్గా రావు.

ఇప్పుడు ఎనిమిది మూళ్ళు, ఒక ఒకటి. 333333331. అయిదు మూళ్ళ తర్వాత కళ్ళు తిరుగుతాయి గనక ఇకనుంచి దీన్ని 'పెద్దాయన' అందాం. పెద్దాయన మొండివాడా కాదా తేల్చాలంటే ఆయన వర్గమూలం దాకా, అంటే పద్దెనిమిది వేల పైచిలుకు దాకా, ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. దాదాపు రెండు వేల భాగహారాలు. ఒంటరిగా నావల్ల కాదు. మా అమ్మాయి, "ఆఫీసులో కంప్యూటరును అడిగితే చిటికెలో చెబుతుంది నాన్నా" అంది. "చిటికెలో తెలిసేదానికి మనిషెందుకు?" అని అరగంట ఉపన్యాసమిచ్చాను. ఈ మధ్య నేను ఆడిన అతి పొడుగు మాట అదే కాబోలు, పాపం కళ్ళు తుడుచుకుంటూ వింది.

పని పంచుకుందాం. మా ఆఫీసు పద్ధతిలో పంచుకుందాం. కనెక్షన్ నంబరు చివరి అంకెను బట్టి అక్కడ గుమాస్తాలకు పని పంచేవారు. ఒకరి అంకెలో ఇంకొకరు వేలు పెట్టకూడదు, అది నియమం కాదు, మతం. నా అంకెలో ఒకసారి వేలు పెట్టిన పెద్దమనిషితో నేను రిటైరయ్యేదాకా మాట్లాడలేదు. ఆయన దిద్దింది నా తప్పునే అనుకో. కాబట్టి, పోవని చూడగానే తెలిసే రెండూ అయిదూ వదిలేస్తే, ఒకటితోనూ తొమ్మిదితోనూ ముగిసే ప్రధాన సంఖ్యలు నావి. మూడుతోనూ ఏడుతోనూ ముగిసేవి నీవి. నీవాటిని నేను ముట్టను, నావాటిని నువ్వు ముట్టకు. నీ వాటాకు పట్టిక జతచేశాను.

నేను అప్పుడే మొదలుపెట్టాను. పదకొండుతో శేషం ఒకటి. పంతొమ్మిదితో పది. పెద్దాయన గట్టివాడే.

కాలి సంగతి అడగకు.

నీ బావ

*

ఇంటి నుంచి

బుజ్జికి,

పిన్ని ఆశీస్సులు. ఇది నీ ఆఫీసు చిరునామాకు రాస్తున్నాను. చదివి చించెయ్.

మీ నాన్న ఉత్తరం వచ్చిన సాయంత్రమే నా వాటా మొదలుపెట్టాను. మూడు, ఏడు, పదమూడు. నాలుగోది పదిహేడు. పదిహేడుతో పెద్దాయన నిక్షేపంగా పోయాడు! శేషం సున్నా. మూడుసార్లు చేశాను. నువ్వూ కావాలంటే చెయ్యి, నీకైతే ఏ మతమూ అడ్డు లేదు.

నిజానికి పరుగెత్తుకొచ్చి చెప్పాల్సిన సంగతి. ఏడుసార్లు వరసగా నిలబడ్డది ఎనిమిదోసారి పడిందంటే దానికంటే తమాషా ఉందా? కానీ ఇప్పుడు చెబితే ఏమవుతుంది? "ఓహో, అంతేనా" అని కాగితాలు మడిచి మళ్ళీ గోడవైపు తిరుగుతారు. నువ్వే కదా చెప్పావు, ఈ వారమే నోరు విప్పి పెన్సిలు చెక్కిపెట్టమని అడిగారని. మనిషి లేచి నడిచేదాకా పదిహేడు సంగతి మన ఇద్దరి మధ్యే ఉండాలి. నేనూ రోజూ కొన్ని భాగించినట్టు ఏవో శేషాలు రాసి పంపుతుంటాను. ఎలాగూ నా వాటా ముట్టుకోరు.

పాపమేమో అనిపిస్తోంది. అయినా చేస్తాను.

పిన్ని

*

కుట్టు కార్ఖానా, కటింగ్ బల్ల దగ్గర

శేషం బావగారికి,

మీ పంపకం బాగుంది. అన్నిటికంటే లావైనవి నాకు, సన్నవి మీకు వచ్చాయని నా అనుమానం. ఫర్వాలేదు, నాకు ఆడపడుచులు లేని లోటు మీరు తీరుస్తున్నారు.

మూడుతో శేషం ఒకటి. ఏడుతో రెండు. పదమూడుతో ఆరు. మిగతావి నడుస్తున్నాయి.

అయితే నావీ కొన్ని షరతులున్నాయి. మంచంమీద పడుకుని చేసిన భాగహారాలు నేను ఒప్పుకోను. మీ గీతలన్నీ కొండదిగుతున్నట్టు వంకరగా ఉన్నాయి. మూడేదో ఎనిమిదేదో తెలియక నేను చస్తున్నాను. కటింగ్ బల్ల మీద గుడ్డ సరిగ్గా పరవకపోతే చొక్కాకు ఒక చెయ్యి పొడుగొస్తుంది. లెక్కయినా అంతే. పక్క గదిలో బల్ల ఉందట, అక్కడ కుర్చీలో కూర్చుని చెయ్యండి. మంచం నుంచి బల్లకు పాకుతారో, ఎగురుతారో, డాక్టరు చెప్పినట్టు నడుస్తారో మీ ఇష్టం.

రెండోది, ఫలితాల కాగితాలు మీ చేత్తో మీరే పోస్టు డబ్బాలో వెయ్యాలి. మీ అమ్మాయికిస్తే దాని హడావిడిలో ఏ కరెంటు బిల్లుతోనో కలిసిపోతాయి. లిఫ్టు ఉంది, వీధి దాటితే డబ్బా ఉంది. తొందరేమీ లేదు. పెద్దాయన ఎక్కడికీ పోడు.

మరదలు

*

మూడో అంతస్తు, బల్ల

కత్తెరకు,

పైన 'బల్ల' అని రాశాను, చూశావా? ఇంకోసారి చూడు.

ఇంట్లో కుర్చీ దాకా వెళ్ళడానికి నేను పడ్డ పాట్లు రాస్తే గ్రంథమవుతుంది. వ్యాయామం చేయించడానికి ఒక అమ్మాయి వస్తుంది. నెలన్నర పాటు ఆమె "తాతగారూ, కాలు పెట్టండి" అనడం, నేను చెవుడు నటించడం జరిగింది. చివరికి ఒకరోజు నేనే, "అమ్మా, ఆ బల్ల దాకా తీసుకెళ్తావా? లెక్క ఉంది" అన్నాను. నడిచే చట్రం పట్టుకుని లేచేసరికి కాళ్ళు రెండూ ఎవరివో అరువు తెచ్చినట్టున్నాయి. ఆ కాసింత దూరానికి నేను పెట్టిన కేకలకు పక్కవాటా వాళ్ళు తలుపు కొట్టి, "ఏం జరిగింది?" అని అడిగారు. "ప్రధాన సంఖ్యలు" అంది మా అమ్మాయి. వాళ్ళు మాకు దూరంగా ఉంటున్నారు ఇప్పుడు.

వారాల తరబడి అలా తిరిగాక నిన్న పోస్టు డబ్బా దాకా వెళ్ళాను. లిఫ్టులో అద్దముంది. అందులో గడ్డం పెరిగిన ముసలాయన ఎవరో చట్రం పట్టుకుని నా చొక్కా వేసుకుని నిలబడ్డాడు. దారి ఇద్దామని పక్కకు జరిగాను, ఆయనా జరిగాడు. ఇంటికొచ్చి గడ్డం గీసుకున్నాను.

నా వాటాలో తొమ్మిది వేలు దాటాను. ఒక్కటి కూడా పోలేదు. తప్పులు మాత్రం బోలెడు, 2311తో భాగించాల్సింది 2331తో భాగించి, అది అసలు ప్రధాన సంఖ్యే కాదని సాయంత్రానికి గ్రహించాను. ఇంత తెలివితో ఆఫీసులో నాకు పెన్షన్ ఎలా ఇచ్చారో!

ఒక మాట రాయాలి. మీ అక్క ఉండగా, నేను లెక్క చేస్తుంటే అటుగా వెళుతూ "ఎంత మిగిలింది?" అని అడిగేది. జవాబు వినేది కాదు, అడిగేది అంతే. ఇప్పుడు ఒక్కో భాగహారం చివర శేషం రాశాక కాస్త ఆగుతున్నాను. ఎవరూ అడగరు. అయినా ఆగుతున్నాను. మొదట్లో అది భరించలేకే గోడవైపు తిరిగాను. ఇప్పుడు శేషం నీకు రాసి పంపాలి గనక ఫర్వాలేదనిపిస్తోంది.

నీ వాటా ఎంతదాకా వచ్చింది? నీ అంకెల్లో వేలు పెడుతున్నానని అనుకోకు, ఊరికే అడిగాను.

నీ బావ

*

కుట్టు కార్ఖానా

శేషం బావగారికి,

మీ ఉత్తరం చదివి మా కార్ఖానా అమ్మాయిల ముందు ఏడవకూడదని కత్తెరకు నూనె పెట్టే నెపంతో లోపలికెళ్ళాను. ఇక్కడ ఒంటిపూట కరెంటు, తలకు మించిన పని. స్కూళ్ళు తెరిచే రోజులు కదా. గుడ్డనంతా ఒకే ముఖం పైకి వచ్చేలా పరిచి కత్తిరిస్తే నిక్కర్లన్నీ ఎడమకాళ్ళే వచ్చాయి. ముప్పై ఏళ్ళ అనుభవం నాది కూడా.

నా వాటా నడుస్తోంది. కాగితం జతచేశాను. అందులో ఎక్కడా సున్నా లేదు.

చట్రం వదిలి కర్ర పట్టుకోమని వ్యాయామం అమ్మాయి అంటోందట. పట్టుకోండి బావగారూ.

మరదలు

*

మూడో అంతస్తు, బల్ల

కత్తెరకు,

కంగారు పడకు, శుభవార్తే. నేను ఉపన్యాసకుణ్ణయ్యాను.

జరిగిందేమిటంటే, కర్రతో పోస్టు డబ్బా దాకా వెళ్ళడం అలవాటై, ఆ పక్కనే ఉన్న గ్రంథాలయంలో కూర్చుని భాగహారాలు చేయడం మొదలుపెట్టాను. అక్కడి కార్యదర్శి రోజూ నా వెనక నిలబడి చూసి చూసి, "సార్, ఏం చేస్తున్నారు?" అని అడిగాడు. అడగకుండా ఉండాల్సింది. మూసేవేళ దాకా వదల్లేదు అతన్ని. చివర్లో అతను తప్పించుకునే దారి లేక, "ఇవన్నీ వచ్చే ఆదివారం మా సభలో చెప్పండి సార్" అన్నాడు. నేను వెంటనే ఒప్పుకున్నాను. వద్దంటాననుకున్నాడు పాపం.

గుమ్మం దగ్గర నల్లబల్ల మీద రాశారు కూడా, 'ఎన్నటికీ లొంగని సంఖ్యలు: విశ్రాంత నీటిమీటర్ల నిపుణుల ఉపన్యాసం'. నిపుణుడెవరా అని నేనే ఒక క్షణం వెతికాను. నా వాటా అంతా నిన్నటితో పూర్తి. ఒకటితోనూ తొమ్మిదితోనూ ముగిసేవి ఏవీ పెద్దాయన్ని కదిలించలేదు. నీ మిగతా ఫలితం కూడా వచ్చేస్తే, ఎనిమిది మూళ్ళదాకా స్వయంగా పరీక్షించామనీ, ఇక ఎన్ని మూళ్ళయినా ఇంతేననీ సభలో ప్రకటిస్తాను. దానికి ఋజువు లేదని నాకూ తెలుసు. అయినా ఎనిమిదిసార్లు నిలబడ్డదాన్ని నమ్మకపోతే మనిషి దేన్ని నమ్ముతాడు?

నీ పేరూ చెబుతాను. 'మా మరదలు, కటింగ్ మాస్టర్' అంటాను. నిజం చెప్పనా, మీ అక్క పోయాక నేను రాబోయే రోజుకోసం చొక్కా ఇస్త్రీ చేయించుకోవడం ఇదే మొదటిసారి.

ఫలితం వెంటనే పంపు.

నీ బావ

*

ఇంటి నుంచి

బావగారూ,

ఈ ఉత్తరం కూర్చుని చదవండి. పెద్దాయన పదిహేడుతో పోతాడు. అది నాకు మొదటిరోజే తెలుసు.

నా వాటాలో నాలుగో సంఖ్య అది. వెంటనే మీకు రాయబోయాను. అంతలో మీ అమ్మాయి ఫోను, నాన్న పెన్సిలు చెక్కమన్నారు పిన్నీ అని. దాని గొంతులో ఆ సంతోషం విన్నాక నాకు చెయ్యాడలేదు. మీరు గోడవైపు తిరిగి పడుకుంటే చూడలేక దాచాను. కాలు కింద పెట్టేదాకా అనుకున్నాను. తర్వాత బల్ల దాకా, తర్వాత పోస్టు డబ్బా దాకా. ఎప్పటికప్పుడు ఇంకొక్క అడుగు అనుకుంటూ మిమ్మల్ని సభ దాకా తెచ్చి నిలబెట్టాను. మిమ్మల్ని నడిపించాననుకుని మురిసిపోయాను గానీ, నలుగురిలో నవ్వులపాలు చేయబోతున్నానని తట్టలేదు.

మీకు నోటితో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. ఆదివారానికి ముందే చేరుతుంది. ఉపన్యాసం మానుకోండి, లేదా పదిహేడు సంగతే చెప్పండి. నన్ను ఎంత తిట్టినా పడతాను. మళ్ళీ మంచమెక్కడం మాత్రం వద్దు బావగారూ. నాకు అక్క లేదు. మీరు కూడా లేకుండా పోతే నేను ఎవరి మరదల్ని?

మరదలు

*

మూడో అంతస్తు, బల్ల
సభ ముగిసిన మరుసటి మంగళవారం

కత్తెరకు,

నీ ఉత్తరం శుక్రవారమే అందింది. విప్పలేదు.

ఎందుకు విప్పలేదో వింటే నామీద నీకున్న గౌరవం ఏమైనా మిగిలుంటే అదీ పోతుంది. ఫలితం సభలో అందరి ఎదుటా విప్పితే రక్తి కడుతుందని అనిపించింది. రెండు రోజులు ఆ కవరును చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. నువ్వు మా అమ్మాయికి ఫోన్ చేసి "నా ఉత్తరం చేరిందా?" అంటే, "చేరింది పిన్నీ, నాన్న గుండెకు హత్తుకుని తిరుగుతున్నారు" అందట. చదివి క్షమించేశాననుకున్నారు ఇద్దరూ.

సభకు బాగానే వచ్చారు. సగం మంది వాన కోసం లోపలికి వచ్చినవాళ్ళు. బోర్డు మీద పెద్దాయన్ని రాశాను. ఒక మూడు తక్కువైందని ముందువరసలో ఒకావిడ చెప్పింది. దిద్దాను. మొండి సంఖ్యలంటే ఏమిటో, నువ్వూ నేనూ ఎలా పంచుకున్నామో చెప్పాను. ఒకరి అంకెలో ఒకరు వేలు పెట్టకపోవడం ఎంత గొప్ప సంస్కారమో కూడా చెప్పాను, కాస్త ఎక్కువసేపే. అప్పుడు కవరు తీసి పైకెత్తి చూపించి, "ఇందులో ఉంది తీర్పు" అన్నాను. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

"బావగారూ, ఈ ఉత్తరం కూర్చుని చదవండి" అని చదివాను, నిలబడి. "పెద్దాయన పదిహేడుతో పోతాడు" అని కూడా చదివాను, మైకులో. "అది నాకు మొదటిరోజే తెలుసు" దగ్గర మైకు పక్కకు జరిపాను. మిగతాది కళ్ళతో చదువుకున్నాను. హాలంతా ఎదురుచూస్తోంది.

ఉత్తరాన్ని జేబులో పెట్టుకుని బోర్డువైపు తిరిగాను. జీవితంలో మొదటిసారి ఇంకొకరి అంకెలో వేలు పెట్టాను. ముప్పై మూడులో పదిహేడు ఒకసారి, మిగిలింది పదహారు... అలా చివరిదాకా. చివర సున్నా వచ్చింది. ఇంత చిన్న సంఖ్య! అయిదో తరగతి పిల్లలు చేసే భాగహారం, నేను పద్దెనిమిది వేలదాకా వెళ్ళి వెతికాను. సున్నా కింద గీత గీసి చూస్తుంటే నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. బోర్డు ముందు కళ్ళ నీళ్ళు కారేలా నవ్వాను. ముందువరసావిడ మొదలుపెట్టింది, తర్వాత హాలంతా. కార్యదర్శి భయపడి కుర్చీ పట్టుకుని పరుగెత్తుకొచ్చి, "సార్, కూర్చోండి సార్, మీ కర్ర ఏది?" అన్నాడు. అప్పుడు చూసుకున్నాను. కర్ర గుమ్మం దగ్గర గొడుగుల్లో ఉంది. నేను సభంతా దేన్నీ పట్టుకోకుండా నిలబడే ఉన్నాను.

ఇంటికొచ్చాక కోపం వచ్చింది. రాలేదని అబద్ధమాడను, బాగా వచ్చింది. నన్ను చిన్నపిల్లాణ్ణి చేసి ఆడించావని నీకు ఒక ఉత్తరం రాసి చించేశాను. నువ్వు ఆడించకపోతే ఈపాటికి ఎక్కడుండేవాణ్ణో ఆలోచించి ఇంకోటి రాశాను. అది మరీ కాళ్ళమీద పడ్డట్టుందని అదీ చించేశాను. ఇది మూడోది. ఇందులో నీకు రుణపడ్డానని రాయను, అది నీకు తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. పెద్దాయన్ని పదిహేడుతో భాగిస్తే 19607843 వస్తుంది. ఈయన సంగతేమిటని నిన్న పొద్దున కూర్చున్నాను. మొదటినుంచీ మళ్ళీ భాగించాలనుకుని పట్టిక తీశాను. తీసి, అలాగే కూర్చుండిపోయాను. ఎందుకంటే, ఈ చిన్నాయన్ని ఏదైనా భాగిస్తే అది పెద్దాయన్ని కూడా భాగించి తీరాలి. పెద్దాయన్ని మనం అన్నిటితోనూ భాగించి చూశాం, పదిహేడు తప్ప ఏదీ పోలేదు. పదిహేడు మళ్ళీ పోతుందేమో చూశాను, శేషం తొమ్మిది. అంటే 19607843 మొండి సంఖ్య! మనకు తెలియకుండానే మనం ఋజువు చేసేశాం. నిజానికి దానికి నాలుగు వేల నాలుగు వందల పైచిలుకు దాకా చూస్తే చాలు. ఆపైన నేను చేసిన వందలకొద్దీ భాగహారాలు కేవలం కాగితపు ఖర్చు.

కానీ ఒక చిక్కుంది. నా వాటా నేను నిజంగా చేశాను. నీ వాటా సంగతి నాకు తెలియదు. మొదటిరోజే జవాబు తెలిసినవాళ్ళు మిగతావి ఎందుకు చేస్తారు? శేషాలు ఏవో రాసి పంపి ఉంటావు, నీ స్థానంలో నేనైతే అదే చేసేవాణ్ణి. నిష్ఠూరం కాదు, లెక్క కోసం అడుగుతున్నాను. చేశావా, రాశావా? చెయ్యకపోతే ఫర్వాలేదు, నీ వాటా కూడా నేను చేస్తాను. అంత ఓపిక ఇప్పుడు ఉంది.

నీ బావ

*

ఇంటి నుంచి

శేషం బావగారికి,

చేశాను. అన్నీ చేశాను.

మొదట ఊరికే రాద్దామనే కూర్చున్నాను. నోటికొచ్చిన శేషాలు ఒక పేజీ నింపాక చూసుకుంటే, ముప్పై ఏడుతో భాగిస్తే శేషం నలభై రెండని రాసి ఉంది. అబద్ధమాడటానికి కూడా లెక్క రావాలని అప్పుడు తెలిసింది. ఆ పేజీ చించి పొయ్యిలో పడేసి, ఇంతోటి సంబరానికి నిజంగా చేస్తే పోలా అని మొదలుపెట్టాను. మీకు పంపిన ప్రతి శేషమూ నిజంగా మిగిలిన శేషమే. ఒక్క పదిహేడే దాచాను.

నాలుగు వేల నాలుగు వందల పైన అక్కర్లేదని మీ ఉత్తరంలో చదివేసరికి నాకు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. అవీ చేశాను. నా వాటాలో ఆఖరిది 18257. శేషం 15282.

ఎందుకు చేశావని మీరు అడగలేదు గానీ చెబుతాను. అక్క పోయాక మీరు గోడవైపు తిరిగారని మీ అమ్మాయి ఊరందరికీ ఫోన్ చేసింది. నేను ఏ గోడవైపూ తిరగలేదు. మర్నాడే పనిలోకి వెళ్ళాను, కత్తిరించాను, జీతం తీసుకున్నాను. అందువల్ల నేను ఎవరితోనూ మాట్లాడటం లేదని ఎవరూ గమనించలేదు. నాకు ఉత్తరాలు రాసేది అక్క ఒక్కతే బావగారూ. తను పోయాక మా వీధిలోకి పోస్టుమాన్ వచ్చే వేళకు నేను లోపల పని కల్పించుకునేదాన్ని. మిమ్మల్ని నడిపించడానికి ఈ సంఖ్యను సాగదీస్తున్నానని మీ అమ్మాయికి రాశాను, నేనూ అలాగే నమ్మాను. తర్వాత ఒకరోజు చూసుకుంటే, పోస్టుమాన్ వచ్చే వేళకు గుమ్మంలో నిలబడి ఉన్నాను. పదిహేడు సంగతి చెప్పేస్తే మీరు మంచమెక్కుతారని భయపడ్డమాట నిజమే. మీ ఉత్తరాలు ఆగిపోతాయని అంతకంటే ఎక్కువ భయపడ్డాను.

ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను. బస్టాండుకు మీ అమ్మాయిని పంపకండి, మీరే రండి. కర్ర తెచ్చుకోండి, నా ముందు గొప్పలకు పోవద్దు. నా చేతిలో పెద్ద మూట ఉంటుంది, అవన్నీ నమూనా కాగితాల మీద చేసిన భాగహారాలు. అందులో ఒక్కటి తప్పయినా మన 19607843 నిలవదు కాబట్టి, మనిద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని మొదటినుంచీ సరిచూడాలి. నాకు సెలవు బోలెడుంది.

మరదలు